పజిల్ గేమ్‌ను అందరూ ఆడేలా చేయడం ఎలా?

పజిల్ గేమ్‌లో కష్టం ఉండాల్సిందే. అయితే ఆ కష్టం ఎక్కడ పెట్టాలో తయారుచేసేవాళ్లు ముందే తేల్చుకోవాలి. ఎత్తు తట్టక ఆడేవాళ్లు తల గోక్కుంటున్నారంటే మీ ఆట బాగా కుదిరినట్టే. గడిలో ఉన్నది ‘ద’యో ‘ధ’యో తెలియక, వేలు పక్క గడి మీద పడి, ఈలోగా టైమ్ అయిపోయి ఓడిపోయారంటే మాత్రం వాళ్లను ఓడించింది మీ స్క్రీన్. యాక్సెసిబిలిటీ అనగానే ఆటను చప్పగా చేయడం అనుకుని కొందరు వెనకాడతారు. అలాంటిదేమీ లేదు. పరీక్షంతా బుర్రకే వదిలి, కంటికీ చెవికీ వేలికీ అడ్డొచ్చేవి తీసేయడమే ఇక్కడ మనం చేసే పని.

ఒక్కరే కూర్చునో, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసో ఫోన్‌కి గానీ వెబ్‌కి గానీ పజిల్ గేమ్ చేస్తున్నవాళ్లను, అందులోనూ తెలుగులో చేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇవన్నీ ఒకే వారంలో చేయక్కర్లేదు. కాకపోతే ఆట సగం అయ్యాక మొదలుపెడితే చాలా విప్పి మళ్లీ కట్టాల్సి వస్తుంది.

ముందు కాగితం మీద తేల్చుకోండి

కోడ్ తెరవకముందే ఒక కాగితం తీసుకుని, మీ ఆటలో కనిపెట్టాల్సింది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ‘పెట్టెలను ఏ వరసలో తోస్తే అన్నీ వాటి చోటికి చేరతాయో కనిపెట్టాలి.’ ‘దాచిన తెలుగు పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి.’ ఇలా. దాని కింద, ఆ పని చేయాలంటే ఏం చూడాలి, ఏం వినాలి, ఏం నొక్కాలి, ఎంతసేపట్లో నొక్కాలి, ఏం గుర్తుపెట్టుకోవాలి అన్నవి రాసుకుంటూ పోండి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది తీసేస్తే పజిల్ మిగులుతుందా?

1982లో జపాన్‌లో వచ్చిన సోకోబాన్ ఇలాంటి పెట్టెలు తోసే ఆటే. దానికి ఈ పరీక్ష పెట్టి చూడండి. రంగు అక్కర్లేదు, శబ్దం అక్కర్లేదు, గడియారం అసలే అక్కర్లేదు. గోడ ఎక్కడ, పెట్టె ఎక్కడ, నేనెక్కడ అన్నది తెలిస్తే చాలు. మిగతాదంతా ఆడేవాళ్ల వీలును బట్టి మార్చేయొచ్చు. మీ ఆట కూడా చాలావరకు ఇలాగే తేలుతుంది.

ఒక్కోసారి తేలదు. 2016లో వచ్చిన ది విట్‌నెస్ అనే ఆటలో కొన్ని చోట్ల రంగు కాంతిలో తేడా పట్టుకోవాలి, ఒక అడవిలో పక్షుల కూతలు విని హెచ్చుతగ్గులు గుర్తించాలి. అక్కడ రంగే పజిల్, శబ్దమే పజిల్. వాటిని తీసేస్తే ఏమీ మిగలదు. అలాంటప్పుడు చేయాల్సింది పక్కదారి ఉంచడం. ఆ ఆటలో కొండలోకి వెళ్లడానికి 11 లేజర్లలో 7 వెలిగిస్తే చాలు, కాబట్టి చెవి వినిపించనివాళ్లు ఆ అడవిని వదిలేసి ముందుకు పోవచ్చు. రంగుల విషయంలో మాత్రం అంత తేలిగ్గా తప్పించుకోలేరు, ఆ మేరకు అది లోపమే అని నా అభిప్రాయం. మీ ఆటలో చూపు మీదో వినికిడి మీదో మాత్రమే నడిచే స్థాయి ఉంటే, దాన్ని దాటకుండా తర్వాతి స్థాయి తెరుచుకోదన్న నియమం పెట్టకండి.

రంగు ఒక్కదాన్నే నమ్ముకోకండి

పజిల్ గేమ్‌లలో ఎక్కువ మందిని బయట నిలబెట్టేది రంగే. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో మగవాళ్లకు సుమారు 8 శాతం, ఆడవాళ్లకు సుమారు 0.5 శాతం అని లెక్క. ప్రాంతాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. ఇందులో అసలు చిక్కేమిటంటే చాలామందికి తమకది ఉందనే తెలియదు. రైల్వే ఉద్యోగానికి మెడికల్ టెస్టుకు వెళ్లి, చుక్కల బొమ్మలో అంకె చదవమన్నప్పుడు బయటపడినవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు.

అందుకే సెట్టింగ్స్‌లో ఎక్కడో మూల ‘కలర్ బ్లైండ్ మోడ్’ అని ఒక స్విచ్ పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. తనకు ఆ ఇబ్బంది ఉందని తెలియనివాళ్లు ఆ స్విచ్ వెతకరు కదా. ‘ఈ ఆట నాకు అర్థం కావట్లేదు’ అనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. రంగుతో పాటు ఇంకో గుర్తు మొదటి నుంచే, అందరికీ, కనిపించేలా ఉండాలి.

క్యాండీ క్రష్ సాగా గమనించారా? ఎర్ర క్యాండీ చిక్కుడుగింజ ఆకారం, పసుపుది నిమ్మచుక్క, ఆకుపచ్చది చతురస్రం, నీలంది గుండ్రం. రంగులన్నీ తీసేసినా ఆట సాగుతుంది. ‘హ్యూ’ అనే ఆట ఇంకో దారి పట్టింది. అందులో పజిల్ మొత్తం రంగులు మార్చడమే, అయినా ఒక్కో రంగుకు ఒక్కో గుర్తు చూపించే మోడ్ పెట్టారు. దాచిన ఇంగ్లిష్ పదాన్ని కనిపెట్టే వర్డిల్ ఆటలో ఆకుపచ్చ, పసుపు గళ్ల తేడా తెలియనివాళ్ల కోసం హై కాంట్రాస్ట్ మోడ్ ఉంది. అది ఆన్ చేస్తే సరైన చోట ఉన్న అక్షరం నారింజ రంగులోకి, చోటు తప్పినది నీలంలోకి మారతాయి. నారింజ, నీలం జత ఎందుకంటే ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని కంటికి కూడా ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. సైమన్ టాథమ్ ఉచితంగా ఇస్తున్న పజిల్స్ సంకలనంలో రంగులు ఊహించే ‘గెస్’ ఆట ఆడుతూ కీబోర్డ్ మీద ఎల్ నొక్కితే రంగుల మీద అంకెలు వస్తాయి. ఒక్క కీతో పని అయిపోయింది.

మీ ఆటకు ఇలా చేయండి. ఆట నడుస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లోనే ఫోటో ఎడిటర్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. దాన్ని చూసి తర్వాతి ఎత్తు వేయగలిగితే మొదటి గండం గట్టెక్కినట్టే. తర్వాత ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరవండి. అందులో ‘సిమ్యులేట్ కలర్ స్పేస్’ దగ్గర ఒక్కో రకం వర్ణాంధత్వం ఎంచుకుని ఆట ఆడి చూడండి. వెబ్ గేమ్ అయితే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండరింగ్ ట్యాబ్ కింద ఇదే సౌకర్యం ఉంది. తేడా తెలియని రెండు ముక్కలు ఎక్కడ దొరికితే అక్కడ చుక్కలో, గీతలో, ఆకారమో కలపండి. రంగులే మార్చాల్సి వస్తే ఒకటి ముదురుగా, ఇంకొకటి లేతగా ఉండేలా ఎంచుకోండి. స్క్రీన్ మొత్తానికి ఒక ఫిల్టర్ పూసి వదిలేసే ఆటలు చాలా ఉన్నాయి, నాకైతే అది బద్ధకపు పద్ధతి అనిపిస్తుంది. ఫోన్‌లో ఆ ఫిల్టర్ ఎలాగూ ఉంది, మీరు మళ్లీ ఇవ్వడం దేనికి?

సూచనల వాక్యాలు కూడా ఒకసారి సరిచూడండి. ‘ఎర్ర గడిని నొక్కండి’ అని ఉంటే ‘ఎర్ర చుక్కల గడిని నొక్కండి’ అని మార్చండి.

అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకూ బొమ్మ గుర్తులకూ 3:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ చెప్పే లెక్క. ఆన్‌లైన్‌లో ఉచిత కాంట్రాస్ట్ చెకర్లు బోలెడున్నాయి, రెండు రంగుల కోడ్‌లు ఇస్తే చెప్పేస్తాయి. మే నెల ఎండలో బస్‌స్టాప్‌లో నిలబడి ఆడేవాళ్లకు, చూపు బాగున్నా సరే, ఇదే ఉపయోగపడుతుంది.

తెలుగు అక్షరాల సంగతి వేరు

ఇంగ్లిష్ ఆటల కోసం రాసిన గైడ్‌లలో ఈ భాగం మీకు దొరకదు. ‘ద-ధ’, ‘డ-ఢ’, ‘ప-ఫ’, ‘చ-ఛ’ జతల్లో తేడా అంతా కింద ఉన్న చిన్న గీతలోనే. ‘ని-నీ’, ‘తి-తీ’లలో తేడా గుడి చివర చిన్న మెలిక. అక్షరం సైజు తగ్గితే ముందు మాయమయ్యేవి ఇవే. పదాల ఆటలో గుడికీ గుడి దీర్ఘానికీ తేడా కనిపించక ఓడిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

కాబట్టి గడుల్లోని అక్షరాలకు అలంకారపు ఫాంట్లు వాడకండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే నోటో శాన్స్ తెలుగు, మండలి లాంటివి చదవడానికి హాయిగా ఉంటాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్‌ను ఆట పేరుకు వాడుకోండి, గడిలో మాత్రం వద్దు. ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు కంటే తెలుగుకు కొంచెం పెద్దదే పెట్టాలి. వరుసల మధ్య ఖాళీ కూడా అంతే: కింద ఒత్తు, దాని కింద వరుసలో పైన గుడి, ఈ రెండూ ఒకదాన్నొకటి రాసుకోకూడదు. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి కంటికి ఆనే దాకా పెంచండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు పెంచుకున్నవాళ్లకు మీ ఆటలోనూ అక్షరాలు పెరగాలి. పెరిగినప్పుడు బటన్ లోంచి పదం బయటికి పొంగుతోందేమో చూసుకోండి. తెలుగు పదాలు ఎలాగూ పొడుగు.

ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన గేమ్ ఇంజిన్ దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. యూనిటీ అనే ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను సరిగా కూర్చదు. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ రాసి చూడండి, పొల్లులన్నీ విడివిడిగా బయటపడతాయి. గోడో అనే ఇంకో ఇంజిన్ నాలుగో వెర్షన్‌లో అక్షరాలనూ ఒత్తులనూ కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. వెబ్ బ్రౌజర్లలోనూ లేదు. యూనిటీలో ఇరుక్కున్నవాళ్లు ఎక్కువగా చేసే పని పదాలను బొమ్మలుగా మార్చి అతికించడం. స్క్రీన్ మీద చక్కగానే కనిపిస్తుంది. కానీ బొమ్మలోని అక్షరాన్ని, తెర మీదున్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు, సైజు పెంచితే మసకబారుతుంది. తప్పనిసరై బొమ్మ వాడితే దాని వెనక అసలు పదాన్ని లేబుల్‌గా తప్పకుండా ఇవ్వండి. ఇంకా ఇంజిన్ ఎంచుకోని దశలో ఉంటే, తెలుగు పదాల ఆటకు వెబ్ గానీ గోడో గానీ మంచిదని చెబుతాను.

పదాలను గళ్లలోకి విడగొట్టేటప్పుడు ఇంకొకటి గమనించాలి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. కోడ్‌లో స్ట్రింగ్ పొడుగు అడిగితే 6 అని వస్తుంది. ఆ లెక్కన గళ్లు గీస్తే పజిల్ చెడుతుంది, చదివి వినిపించే గొంతు కూడా ‘స’, ‘పొల్లు’ అంటూ ముక్కలు చేస్తుంది. అక్షరాల గుంపులను లెక్కపెట్టే సెగ్మెంటర్ వాడండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాలను ఒకే గుంపుగా చూసే నియమం ఉంది. అంతకంటే పాత లైబ్రరీలు ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు చేస్తాయి, కాబట్టి మీరు వాడుతున్నది ఏ వెర్షనో చూసుకోండి.

వేలికి చోటివ్వండి

ఆండ్రాయిడ్ మార్గదర్శకాల్లో నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలంటారు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ వాళ్లు 44 పాయింట్లు అంటారు. గడి చిన్నగా కనిపించినా ఫర్వాలేదు, నొక్కుడు పడే ప్రాంతం మాత్రం ఆ మేరకు ఉండాలి. బోర్డు పెద్దదై గళ్లు అంత సైజుకు రాకపోతే రెండు వేళ్లతో జూమ్ చేసే వీలు ఇవ్వండి. వేళ్లు కలపడం కష్టమైనవాళ్ల కోసం ప్లస్, మైనస్ బటన్లు కూడా పెట్టండి.

ముక్కను పట్టుకుని లాగడం తప్ప వేరే దారి లేని ఆటలు చేతులు వణికేవాళ్లను ఏడిపిస్తాయి. లాగడంతో పాటు ‘ముక్కను ఒకసారి నొక్కు, చేరాల్సిన గడిని ఒకసారి నొక్కు’ అన్న పద్ధతి కూడా ఉంచండి. కోడ్ పరంగా పెద్ద పనేం కాదు. స్క్రీన్ రీడర్ ఆన్ చేసినప్పుడు ఒంటివేలు జరపడం దాని సొంత పనికి పోతుంది, మీ ఆట దాకా రాదు. లాగితేనే కదిలే ఆట అక్కడితో ఆగిపోతుంది. రెండు నొక్కుల పద్ధతి ఉంటే ఒకే దెబ్బకు రెండు సమస్యలు తీరతాయి.

వెనక్కి తీసుకునే బటన్‌కు పరిమితి పెట్టకండి. వేలు జారితే ఒక ప్రాణం పోయే ఆట బుర్రను పరీక్షిస్తున్నట్టు కాదు. ‘ఇలాగైతే అందరూ ఊరికే వెనక్కి వెళ్తూ గెలిచేస్తారు’ అన్న భయం చాలామందికి ఉంటుంది. 2019లో వచ్చిన బాబా ఈజ్ యూ ఎన్ని ఎత్తులైనా వెనక్కి తీసుకోనిస్తుంది, అయినా అది తేలికైన ఆట అని ఎవరూ అనరు. ఒకే చోట వెంటవెంటనే పడిన రెండు నొక్కులను ఒక్కటిగా లెక్కించే ఆప్షన్ ఇస్తే వణికే వేళ్లకు ఇంకా మేలు.

కంప్యూటర్‌లో ఆడే ఆట అయితే ప్రతి పనీ కీబోర్డ్‌తో చేయగలగాలి, కీలు మార్చుకోగలగాలి. ఇప్పుడు ఏ గడి మీద ఉన్నామో చూపించే గీత మందంగా, స్పష్టంగా ఉండాలి. కీబోర్డ్‌తో నడిచే ఆట చాలావరకు వేరే పరికరాలతోనూ నడుస్తుంది. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు మోచేతితోనో పాదంతోనో నొక్కే స్విచ్‌లు తగిలించుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్ ఒకే మీటతో ఫోన్ మొత్తం నడిపిస్తుంది. అది స్క్రీన్ మీదున్నవాటిని ఒక్కొక్కటిగా చూపిస్తూ పోతుంది, కావలసినది వచ్చినప్పుడు మీట నొక్కాలి. 81 గళ్ల సుడోకులో చివరి గడికి చేరేసరికి తెల్లారుతుంది. కాబట్టి ముందు వరుస, తర్వాత ఆ వరుసలో గడి ఎంచుకునేలా బోర్డును గుంపులు చేయండి.

గడియారం, కుదుపులు, మెరుపులు, చప్పుళ్లు

టైమర్ ఆపే స్విచ్ పెట్టండి. సమయమే పోటీ అయితే ఆ పట్టికను వేరే ఉంచండి, స్థాయి దాటడానికి మాత్రం అది అడ్డు రాకూడదు. ఈ ఒక్క మార్పుతో కదలికలు నెమ్మదించిన పెద్దవాళ్లు, తెలుగు నెమ్మదిగా చదివే పిల్లలు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు అందరూ ఆటలోకి వస్తారు. మెసేజ్‌లు రెండు క్షణాల్లో మాయమైపోకుండా, నొక్కేదాకా ఉండాలి.

వరుస పేలినప్పుడు స్క్రీన్ ఊగడం, నేపథ్యం కదలడం కొందరికి కళ్లు తిరిగేలా చేస్తాయి. వాటిని ఆపే స్విచ్ ఇవ్వండి. అంతకంటే ముందు, ఫోన్‌లో యానిమేషన్లు తీసేసిన సెట్టింగ్ ఉందేమో చదివి దాన్ని పాటించండి. మెరుపుల విషయంలో మాత్రం స్విచ్ చాలదు, అసలు ఉండకూడదు. ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదన్నది ప్రమాణం. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో వచ్చిన ఒక కార్టూన్‌లో ఎరుపు, నీలం వేగంగా మెరిసిన దృశ్యం చూసి వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. గెలిచినప్పుడు స్క్రీన్ నిండా పెట్టే బాణసంచా ఎఫెక్ట్‌ను ఒకసారి ఈ కంటితో చూడండి.

శబ్దం గురించి చెప్పాల్సింది కొద్దే. ప్రతి చప్పుడుకూ కంటికి కనిపించే జత ఉండాలి. తలుపు తెరుచుకున్న చప్పుడు వస్తే ‘ఎడమ పక్క తలుపు తెరుచుకుంది’ అని కింద రాసి చూపండి. సంగీతం, చప్పుళ్లు, మాటలు మూడింటికీ వేర్వేరు వాల్యూమ్‌లు పెట్టండి. కుడి చెవిలోనే వినిపించే సూచనలు పెట్టకండి, ఒక చెవితోనే వినేవాళ్లు ఉంటారు.

చూపు లేనివాళ్లకు బోర్డు వినిపించడం

మన వామనగుంటలు చూపు లేకుండా ఆడొచ్చు. గుంటలు వేలికి తగులుతాయి, చింతగింజలు తడిమి లెక్కపెట్టుకోవచ్చు, తొందరపెట్టేవాళ్లు ఉండరు. ఫోన్ తెర నున్నగా ఉంటుంది కాబట్టి ఆ పని గొంతుతో చేయాలి.

గేమ్ ఇంజిన్లు తెర మొత్తాన్ని ఒకే బొమ్మగా గీస్తాయి. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌కు గానీ, ఐఫోన్ వాయిస్‌ఓవర్‌కు గానీ లోపల బటన్లున్నాయని తెలియదు, ఖాళీ పలక కనిపిస్తుందంతే. లోపల ఏమేం ఉన్నాయో మీరే విడిగా చెప్పాలి. యూనిటీ 6లో ఆండ్రాయిడ్, ఐఫోన్ స్క్రీన్ రీడర్లకు ఆట లోపలి వస్తువుల పట్టిక అందించే సదుపాయం ఉంది. గోడో 4.5 నుంచి కంప్యూటర్ ఆటల్లో బటన్ల లాంటి కంట్రోల్ నోడ్‌లకు స్క్రీన్ రీడర్ మద్దతు వచ్చింది, మీరు సొంతంగా గీసినవాటికి పేర్లు మీరే పెట్టాలి. వెబ్‌లో అయితే అన్నిటికంటే సులువు: కాన్వాస్ మీద ఒకే బొమ్మగా గీయడం మానేసి ప్రతి గడినీ మామూలు హెచ్‌టీఎంఎల్ బటన్‌గా చేయండి. పేజీ భాష తెలుగు అని ప్రకటించడం మర్చిపోవద్దు. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు చదవబోయి ఖూనీ చేస్తుంది.

గడికి లేబుల్ రాసేటప్పుడు మాట పొదుపు ముఖ్యం. ‘మీరిప్పుడు మూడో వరుసలోని రెండో గడి మీద ఉన్నారు, ఇందులో మామిడిపండు ఉంది’ అని ప్రతిసారీ వినాలంటే విసుగొస్తుంది. ‘మామిడి, వరుస 3, గడి 2’ చాలు. ఎక్కువగా మారేది ముందు, మారనిది చివర. పదాల ఆటలో ‘స్త్రీ, సరైన చోటు’, ‘మ, చోటు తప్పు’, ‘క, లేదు’. ఎత్తు వేశాక ఏం మారిందో దానంతటదే చెప్పాలి: ‘మూడు జామలు పోయాయి, ఇంకా 12 ఎత్తులు.’

బోర్డు మొత్తం ఒక్కొక్క గడీ తడుముకుంటూ వినడం ఎవరి వల్లా కాదు. చూపున్నవాళ్లు ఒక్క చూపులో అందుకునేది చెవికి ప్రశ్న అడిగి రాబట్టుకునేలా ఉండాలి. చదరంగపు సైట్ లీచెస్‌లో చూపు లేనివాళ్ల కోసం ఉన్న మోడ్ ఈ పని చక్కగా చేసింది. ఎత్తును టైప్ చేయొచ్చు, గుర్రాలు ఎక్కడున్నాయని అడగొచ్చు, ఒక నిలువు వరుసలో ఏమున్నాయో చదివించుకోవచ్చు. మీ ఆటలోనూ ‘ఈ వరుస చదువు’, ‘ఖాళీలు ఎక్కడ’, ‘చివరి ఎత్తు చెప్పు’ అనే మూడు బటన్లు పెట్టి చూడండి.

గెలిచాక వాట్సాప్‌లో పంచుకునే రంగు గళ్ల బొమ్మలు కూడా ఇందులోకే వస్తాయి. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది, వినేవాళ్లకు మాత్రం ‘ఆకుపచ్చ చతురస్రం, తెల్ల చతురస్రం, తెల్ల చతురస్రం’ అని నిమిషం సేపు జపం. ‘ఆరింటిలో నాలుగో ప్రయత్నంలో గెలిచాను’ అని మాటల్లో పంపే బటన్ పక్కనే ఉంచండి.

చిక్కుకున్నవాళ్లకు దారి

సూచన అడిగితే జవాబు మొత్తం చెప్పేయకండి. మొదటిసారి ఎటు చూడాలో, రెండోసారి ఏ ముక్క కదపాలో, మూడోసారి ఎత్తే చూపండి. నియమాలు మళ్లీ చదువుకునే బటన్ ప్రతి స్థాయిలోనూ ఉండాలి. వారం తర్వాత తెరిచినవాళ్లకు మొదటి రోజు చెప్పిన నియమాలు గుర్తుండవు.

అప్పటికీ దాటలేకపోతే స్థాయిని వదిలేసి ముందుకు వెళ్లనివ్వండి. 2021లో వచ్చిన రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ లాంటి పెద్ద ఆటలోనే కొన్ని పజిల్స్ దాటేసే వీలు ఉంది, ఆకాశమేం ఊడిపడలేదు. ఆ బటన్‌కు పెట్టే పేరులో వెక్కిరింత ఉండకూడదు. ‘నా వల్ల కాదు’ అని నవ్వులాటకు రాసినా చదివేవాళ్లకు గుచ్చుకుంటుంది. ‘తర్వాతి స్థాయి’ అంటే చాలు.

సెట్టింగ్స్ ఎక్కడ పెట్టాలి

ట్యుటోరియల్‌కు ముందే, మొట్టమొదటి తెర మీద. అక్షరం సైజు, గొంతు, టైమర్, కదలికలు ఈ నాలుగూ అక్కడ ఉంటే చాలు, మిగతావి లోపల పెట్టుకోవచ్చు. సైజు మారుస్తుండగానే పక్కన నమూనా గడి మారుతూ కనిపించాలి. ఒకసారి ఎంచుకున్నవి గుర్తుండాలి, ఆట మధ్యలోనూ మార్చుకోగలగాలి. ప్లే స్టోర్ వివరణలో ఏ సౌకర్యాలున్నాయో పేరుపేరునా రాయండి: టాక్‌బ్యాక్‌తో ఆడొచ్చు, టైమర్ ఆపొచ్చు, ఒంటిచేత్తో ఆడొచ్చు. లేనివి కూడా రాయండి. డౌన్‌లోడ్ చేశాక తెలిసి చిరాకుపడటం కంటే అది నయం.

ఆడించి చూడండి

కళ్లకు గంతలు కట్టుకుని మీరే ఆడి చూస్తే కొన్ని లోపాలు దొరుకుతాయి. కానీ టాక్‌బ్యాక్‌ను రోజూ వాడేవాళ్ల వేగం, అలవాట్లు మీకు రావు. వాళ్లు మనకు అర్థం కానంత వేగంగా గొంతును పరిగెత్తిస్తారు, మధ్యలోనే ఆపేసి ముందుకు పోతారు. ముఖ్యమైన మాట లేబుల్ చివర పెడితే వాళ్లది వినరు. ఇలాంటివి వాళ్ల పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి. మీకు తెలిసినవాళ్లలో చూపు తగ్గిన పెద్దవాళ్లు, రంగుల తేడా తెలియనివాళ్లు, చేయి వణికేవాళ్లు తప్పకుండా ఉంటారు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోని దేవ్‌నార్ లాంటి అంధుల పాఠశాలలో పిల్లలతో ఆడించాలనుకుంటే ముందుగా అనుమతి అడగండి. పెద్దవాళ్ల సమయం తీసుకుంటే డబ్బులివ్వండి.

ఆడేటప్పుడు పక్కనుంచి ‘అక్కడ కాదండీ, కింద బటన్ ఉంది’ అనకండి. ఎంత కష్టమైనా నోరు కట్టుకుని, ఎక్కడ ఆగారో రాసుకోండి. ఆలోచిస్తూ ఆగారా, వెతుకుతూ ఆగారా అన్నది విడివిడిగా రాయండి. మొదటి రకం ఆగడం మీకు కావలసిందే. రెండో రకం ఒక్కోటీ సరిచేయాల్సిన బగ్.

విడుదలయ్యాక కూడా, అప్‌డేట్ వదిలే ముందు ప్రతిసారీ టాక్‌బ్యాక్ ఆన్ చేసి మొదటి స్థాయి ఒకసారి పూర్తిగా ఆడండి. తొందరలో చేర్చిన కొత్త బటన్‌కు లేబుల్ పెట్టడం మర్చిపోతే, దాని మీదకు రాగానే టాక్‌బ్యాక్ అది పేరు లేని బటన్ అని చెప్పేస్తుంది. అది వినిపించిన రోజు అప్‌డేట్ ఆపి, ముందు ఆ పేరు పెట్టండి.